మన చెరువులలో మత్స్యసంపద: విశ్వవిద్యాలయ విజ్ఞానము, పంచాయతీల బాధ్యత

కర్నూలు, కడప సీమలలో చేపల పెంపకమును గూర్చి ముచ్చటించుట కొందరికి వింతగా తోచవచ్చును. సముద్రము మనకు దూరము. వాన మనకు తక్కువ. సాలునకు 700 మిల్లీమీటర్ల దరిదాపున కురియు ఆ కొద్దిపాటి వానయు వేళకు రాదు. త్రాగునీటికే బిందెలు వరుస తీరు పల్లెలలో మత్స్యసంపద మాట యెందుకని అడుగువారు కలరు.

ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి మా సమాధాన మిది. నీరు తక్కువైన చోటనే ప్రతి నీటిబొట్టు చేతను రెండు పనులు చేయించుకొనవలెను. పైరునకు పారవలసిన నీరే, పారుటకు ముందు కొన్ని నెలలు చెరువులో నిలిచియున్నపుడు, చేపను పెంచగలదు. చేప నీటిని త్రాగి తరిగింపదు. పొలమునకు పోవలసిన వంతులో పాలు అడుగదు. నిలిచిన నీటిలో తానుగా పుట్టు నాచును, సూక్ష్మజీవులను, అడుగున క్రుళ్లు ఆకు అలమును తిని, వానిని మనుష్యులకు బలమైన ఆహారముగా మార్చును. ఐనను మన చెరువులలో పెక్కింటి యందు ఈ సంపద ఒకరి అజాగ్రత్త వలనను, వేరొకరి అత్యాశ వలనను వ్యర్థమగుచున్నది. దీనిని నిలుపుకొను మార్గమును, అందు విశ్వవిద్యాలయములు చేయగల సాయమును, పంచాయతీ సభ్యులు చేయవలసిన పనులను ఈ పాఠమున వివరింపదలచినాము.

మనకున్న జలాశయములు

మన సీమ మెట్టసీమయే కాని నీరు లేని సీమ కాదు. తుంగభద్ర, కృష్ణ, పెన్న మన నేలమీదుగనే పారుచున్నవి. సుంకేసుల యొద్ద తుంగభద్ర నుండి బయలుదేరు కర్నూలు-కడప కాలువను 1863 మొదలు 1870 వరకు త్రవ్విరి. 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన శ్రీశైలము ఆనకట్ట వెనుక, నిండుగ నున్నపుడు, సుమారు 600 చదరపు కిలోమీటర్ల నేలపై నీరు నిలుచును. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో వెలుగోడు, అవుకు, గోరకల్లు జలాశయములు, కర్నూలు జిల్లాలో హంద్రిపై గాజులదిన్నె, కడప ప్రాంతమున మైలవరము, గండికోట, బ్రహ్మంసాగరము, ఇంకను పోరుమామిళ్ల, బద్వేలు మొదలగు పెద్ద చెరువులు కలవు. వీనికి తోడు ఊరూర చిన్న చెరువులు, కుంటలు నున్నవి.

చెరువు విషయమున మన పెద్దలు ఎంత శాస్త్రదృష్టి గలవారో పోరుమామిళ్ల శాసనమే సాక్షి. విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో అనంతరాజసాగరమను ఆ చెరువును ప్రతిష్ఠించెను. వేయిమంది కూలీలు, రాతికై నూరు బండ్లు, రెండేండ్ల కాలము ఆ పనికి పట్టినట్లు శాసనము చెప్పుచున్నది. మంచి చెరువునకు పండ్రెండు అంగములును, చెడు చెరువునకు ఆరు దోషములును అందు లెక్కించిరి. ఆ పండ్రెండింటిలో ధర్మము నెరిగిన ప్రభువు ఒకటి కాగా, జలశాస్త్రము నెరిగిన విద్వాంసుడు మరొకటి. అనగా చెరువునకు రాయి, మన్ను, నీరు ఎంత ముఖ్యములో విద్య కూడ నంత ముఖ్యమని ఆరువందల యేండ్లకు పూర్వమే మన సీమవారు రాతిపై చెక్కించిరి. నేటి పంచాయతీ ఆ ప్రభువు స్థానమున నున్నది. నేటి విశ్వవిద్యాలయము ఆ విద్వాంసుని స్థానమున నుండవలెను.

మత్స్యవిద్య పెరిగిన విధము

మద్రాసు రాష్ట్రమున 1907లో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ గారి పూనికతో మత్స్యశాఖ మొదలైనది. నాడు చేపపిల్లలకు ఏరే గతి. వరదకాలమున నదులలో గుడ్డుపిల్లలను గుడ్డవలలతో పట్టి, కుండలలో నుంచి దూరదేశములకు పంపెడివారు. అందు మంచి జాతి పిల్లలతో పాటు వానిని తిను జాతుల పిల్లలును కలిసియుండెడివి. దారిలో చచ్చినవి చావగా మిగిలినవే చెరువు చేరెడివి.

ఈ స్థితిని మార్చినది 1957 జూలై 10. ఆనాడు ఒరిస్సాలో హీరాలాల్ చౌదరి గారును, వారి సహచరులును చేప మెదడు క్రింది గ్రంథి రసమును సూదితో ఎక్కించి, పెంపుడు చేపలచేత నిలకడ నీటిలోనే గుడ్లు పెట్టించిరి. ఆ దినమునే నేడు మన దేశమున మత్స్యరైతుల దినముగా జరుపుకొనుచున్నారు. నమ్మదగిన చేపవిత్తనము లక్షలకొలది లభించుటకు ఆ పరిశోధనయే మూలము.

విద్య విషయమున, 1969లో మంగుళూరున దేశములో మొదటి మత్స్య కళాశాల వెలసినది. మన రాష్ట్రమున నెల్లూరు జిల్లా ముత్తుకూరులో 1991లో మత్స్యశాస్త్ర కళాశాల నెలకొల్పబడినది. 2005లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము ఏర్పడగా ఆ కళాశాల దాని క్రిందికి వచ్చినది. ప్రత్యేకముగ మత్స్యవిద్యకే ఒక విశ్వవిద్యాలయ ముండవలెనని 2020లో శాసనసభ చట్టము చేసినది. 2022 నవంబరులో నరసాపురమున దానికి శంకుస్థాపన జరిగినది.

ఈ కళాశాలలలో చదువు నాలుగేండ్లు. ఇంటర్మీడియట్ నందు జీవశాస్త్రము చదివిన గ్రామీణ బాలబాలికలు ఇందు చేరవచ్చును. మన మెట్టపల్లెల పిల్లలు ఈ చదువు కోస్తావారికే యని తలచి దూరముగ నుండుట తగదు. చెరువున్న ప్రతి యూరికిని ఈ చదువుతో పని యున్నది.

రెండు నీళ్లు, రెండు ధర్మములు

శాస్త్రము చెప్పు సంగతులలో పంచాయతీ సభ్యులు మొదట గ్రహింపవలసిన దొకటి కలదు. బొచ్చె, శీలావతి, మోసు అను మూడు పెంపుడు జాతులును నిలకడ నీటిలో తమంతట తాము గుడ్లు పెట్టవు. వానికి వరదనీటి పారుదల కావలెను. కావున ఊరి చెరువునకు ఒక ధర్మము, ఏటికిని పెద్ద జలాశయమునకును వేరొక ధర్మము ఏర్పడుచున్నవి.

ఊరి చెరువులో ఏటేట పిల్లను వదలవలెను. వదలిన పిల్లను ఎదుగనీయవలెను. ఇది విత్తి కోయు సేద్యము వంటిది.

ఏటిలోను, శ్రీశైలము వంటి జలాశయమునందును తల్లిచేపను గుడ్డు పెట్టనీయవలెను. వరద వచ్చినపుడు తల్లిచేపలు ప్రవాహమున కెదురేగి, లోతు తక్కువ గల పారు నీటిలో గుడ్లు విడుచును. తల్లి బరువును బట్టి ఒక్కొక్కటి లక్షలకొలది గుడ్లు పెట్టును. ఆ దినములలో ఒక తల్లిచేపను పట్టిన, పట్టినది ఒక్క చేప కాదు. రాబోవు యేటి పంటయే. అందుచేతనే వరద నెలలలో జలాశయముల యందు వేటను నిలిపివేయుదురు.

మూడు జాతులను కలిపి పెంచుటలోని యుక్తియు ఇట్టిదే. బొచ్చె నీటి పైపొరలో మేయును. శీలావతి నడిమి పొరలో మేయును. మోసు అడుగున మేయును. ఒక పొలమున కందిని, కొఱ్ఱను కలిపి విత్తు మన రైతునకు ఈ యుక్తి క్రొత్తది కాదు. ఒక్క జాతినే వదలిన ఒక పొరలోని మేత చాలక పిల్ల గిడసబారును. తక్కిన రెండు పొరలలోని మేత వ్యర్థమగును.

చెరువున చేయవలసిన పనులు

మొదటి పని, చెరువులో నీరు ఎన్ని నెలలు నిలుచునో తేల్చుకొనుట. గత ఐదేండ్లలో నీరు ఎప్పుడు చేరినదో, ఎప్పుడు అడుగంటినదో ఊరి పెద్దల నడిగి వ్రాసికొనవలెను. ఆరు నెలలైనను నిలువని కుంటలో పెద్ద జాతుల పెంపకము లాభింపదు. ఆరు మొదలు ఎనిమిది నెలలు నిలుచు చెరువులో వేలెడు పొడవు గల పిల్లనే వదలవలెను. ఈనెపుల్లంత పిల్ల చవుకగా దొరకునని ఆశపడిన, అది ఎదుగులోపల నీరెండును. లేదా కొఱ్ఱమీను, వాలుగల నోటబడును.

రెండవ పని, పిల్లను లెక్కించి దింపుకొనుట. పిల్లలు వచ్చునాడు పంచాయతీ సభ్యులిద్దరును, బెస్తవారి సంఘము పెద్దయు, చదువుకొన్న యువకు డొకడును కట్టపై నుండి, ఒక సంచిని విప్పి లెక్కించి, సంచుల సంఖ్యతో హెచ్చవేసి పుస్తకమున వ్రాయవలెను. సంచులను చెరువునీటిలో పదునైదు, ఇరువది నిమిషములు తేలనిచ్చి, లోపలి నీటి వేడిమియు వెలుపలి నీటి వేడిమియు సమానమైన పిమ్మట, కొద్దికొద్దిగ చెరువునీటిని సంచిలోనికి చేర్చి, పిల్ల తనంతట తానే ఈదిపోవునట్లు చేయవలెను. మిట్టమధ్యాహ్నము వదలరాదు. ఉదయముగాని సాయంకాలముగాని మేలు.

మూడవ పని, చెరువును కనిపెట్టియుండుట. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరచుచున్నచో నీటిలో ప్రాణవాయువు తక్కువైనదని గుర్తు. అట్టి వేళ ఎరువు, పేడ వేయుట మానవలెను. వీలైనచో క్రొత్తనీటిని చేర్చవలెను.

నాలుగవ పని, పట్టుటలో ఓర్పు. ఒక లెక్క చూతము. ఇది పాఠమునకై మేము వేసిన లెక్క మాత్రమే. పది హెక్టారుల చెరువులో 20,000 పిల్లలు వదలినారనుకొందము. సగము చచ్చి 10,000 నిలిచినవనుకొందము. వేలము సొమ్ము త్వరగా రాబట్టుకొనవలెనని మూడవ నెలలోనే, చేప నూరు గ్రాములున్నపుడే పట్టినచో వచ్చునది 1,000 కిలోలు. నీరున్నంతకాల మాగి, చేప అరకిలో ఐన పిమ్మట పట్టినచో వచ్చునది 5,000 కిలోలు. చెరువదే, పిల్లయు నదే, ఖర్చును ఇంచుమించు నదే. తేడా అంతయు ఓర్పునందే యున్నది. కావున గుత్త పత్రమునందే వలకన్ను కొలతను వ్రాయింపవలెను. అరకిలోకు తక్కువ చేప తప్పించుకొనిపోవునంత కన్ను గల వలనే దింపవలెనని షరతు పెట్టవలెను.

చేయరాని పనులు

శ్రీశైలము వెనుక జలములలో అలివి వలల బాధ చాలకాలముగ నున్నది. దోమతెర వంటి సన్నని కన్నులు గల ఈ పొడవైన వలలను పెక్కుమంది కలిసి ఒడ్డునకు లాగుదురు. వేలెడు పిల్లయు, గోరంత పిల్లయు అందు చిక్కును. వానిని ఎండబెట్టి తక్కువ ధరకు అమ్ముదురు. ఎదిగియుండిన కిలోలు తూగు చేప, గుప్పెడు ఎండుపిల్లగా పోవుచున్నది. నష్టపడునది పుట్టిపై వల వేసికొని నాటి కూడు నాడు సంపాదించుకొను పేద బెస్తవాడు. ఈ వలలు నిషిద్ధములు. జలాశయపు అంచునగల పంచాయతీలు తమ రేవులలో ఇవి దిగకుండ చూచినచో ఎంతో మేలు చేసినవగును.

మందుగుండు పేల్చియు, నీటిలో విషము కలిపియు చేపలను చంపుట 1897 నాటి మత్స్యచట్టము చేతనే నేరముగా నిర్ణయింపబడినది. అట్లు పట్టిన చేప తినువారికిని, ఆ నీరు త్రాగు పశువులకును ముప్పు. పురుగుమందు డబ్బాలను చెరువులో కడుగుటయు విషము కలుపుటతో సమానమే.

ఆఫ్రికా మార్పుచేప పెంపకము మన దేశమున నిషిద్ధము. అది తిండిపోతు, చెరువు తెగి ఏటిలో పడినచో దేశవాళీ చేపలను మ్రింగివేయును. ఇండ్లలో అద్దపు తొట్లయందు పెంచు సక్కర్ చేపను, ఇక పెంచలేమని, చెరువులో విడుచుటయు తప్పే. దాని గట్టి పలకల చర్మము వలలను చింపును. దానిని తినువారు లేరు.

కొఱ్ఱమీను విషయమున ఒక మాట. ఇది తన పిల్లలను తానే కాచుకొను చేప. ఎఱ్ఱని పిల్లల గుంపు నీటిపై కదలుచుండగా దాని క్రింద తల్లిదండ్రులు కావలి యుండును. ఆ గుంపును గురుతుపట్టి పెద్దచేపను గాలమున పట్టినచో పిల్లలన్నియు దిక్కులేనివై తక్కిన చేపల పాలగును. ఈ సంగతి మన బెస్త ముదుసలు లెల్లరును ఎరుగుదురు. ఎరిగియు ఊరకుండుట కంటె, పదిమందికి చెప్పుట మంచిది.

విద్య గ్రామమునకు రావలసిన త్రోవ

మత్స్య కళాశాల విద్యార్థులు నాలుగవ యేట కొంతకాలము గ్రామములలోను, చెరువులపైనను పనిచేసి అనుభవము గడింపవలెనని నియమము కలదు. వారిని మా యూరికి పంపుడని పంచాయతీ తీర్మానము చేసి కళాశాలకు వ్రాయవచ్చును. మన ప్రాంతమున బనవాసి, యాగంటిపల్లె, ఊటుకూరులలో కృషి విజ్ఞాన కేంద్రములు కలవు. 2019లో ఏర్పడిన గ్రామ సచివాలయములలో, చేపల పని యున్న చోట్ల, మత్స్య సహాయకులను గూడ నియమించిరి. వీరందరును మనకు విద్యను చేరవేయు కాలువలు. కాలువ యున్నంత మాత్రమున మడి తడియదు. తూము తీయువాడు కావలెను. ఆ పని పంచాయతీది.

వచ్చిన విద్యార్థి సర్పంచిగారి యింట కాఫీ త్రాగి, ఫోటో తీయించుకొని వెళ్లిపోయినచో ఉభయులకును లాభము లేదు. అతనిని బెస్తవాడకు తీసికొనిపోవలెను. చెరువులో మడుగు లెక్కడనో, తూము ప్రక్కన ఏ జాతి నిలుచునో, ఏ వానకు ఏ చేప ఎదురెక్కునో పుస్తకము చెప్పజాలదు; నలువది యేండ్లు వల వేసినవాడు చెప్పును. నీటిలో ప్రాణవాయువు ఎంతయో, పిల్లకు ఏ రోగము వచ్చినదో వల వేసినవాడు చెప్పజాలడు, చదివినవాడు చెప్పును. ఇద్దరును ఒక కట్టపై కూర్చున్ననాడే విద్య పండును. చేపలు అమ్ము స్త్రీలను గూడ ఆ కూటమికి పిలువవలెను. ఏ చేపకు ఏ సంతలో ఏ ధర పలుకునో వారి కంటె ఎరిగినవారు లేరు.

చెరువు అడుగు నీరు ఎవరిది?

మన పల్లెలలో తగవులకు మూలమైన విషయ మిదియే కనుక దీనిని దాచక చెప్పుకొనవలెను. వేసవి సమీపింపగా, గుత్తదారుడు చేపలన్నిటిని ఒక్కసారి పట్టుకొనవలెనని తూము తీసి నీటిని వదలును. రైతు కడపటి తడికి నీరు లేక వాపోవును. పశువులకు త్రాగునీరు కరవగును. ఊరి బావులలో ఊట తగ్గును. ఇట్టి చోట్ల చేపల పెంపకమే చేటని రైతులు తలచుటలో ఆశ్చర్యము లేదు. తప్పు చేపది కాదు, షరతు లేని గుత్తది.

రాజ్యాంగమునకు చేసిన డెబ్బదిమూడవ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలునందు చేర్చిరి. అందు మూడవది చిన్ననీటి పారుదల; ఐదవది మత్స్యపరిశ్రమ. రెండును ఒకే పట్టికలో నుండుట గమనింపదగినది. నీటిని గూర్చియు చేపను గూర్చియు ఒకే సభ ఆలోచింపవలెనని దీని భావముగా మేము గ్రహించుచున్నాము.

కావున పంచాయతీ ఆధీనమునందలి చెరువును గుత్తకిచ్చునపుడు, తూముపై అధికారము గుత్తదారునికి లేదనియు, పశువులకై మడుగున నీరు మిగుల్పవలెననియు, ఆ మడుగునందలి తల్లిచేపలను ముట్టరాదనియు పత్రమున స్పష్టముగా వ్రాయింపవలెను. స్థానిక బెస్తవారి సహకార సంఘమునకు నియమముల ప్రకారము రావలసిన అవకాశమును కాపాడవలెను. ఊరివాడే గుత్తదారుడైనచో రేపును ఆ చెరువుతోనే బ్రతుకవలెను కనుక నీటిని పొదుపుగ చూచుకొనును. వచ్చిన గుత్త సొమ్ములో కొంత, పూడిక తీయుటకును కట్ట మరమ్మతునకును కేటాయించుట న్యాయము. 2021 నవంబరులో చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినపుడు జరిగిన ప్రాణనష్టమును మనము మరువరాదు. కట్ట బాగున్ననే చెరువు, చెరువున్ననే చేప.

మన ఏరు, సముద్రము

సముద్రముతో మనకు సంబంధము లేదనుకొనుట పొరపాటు. కర్నూలు పట్టణమున హంద్రిలో పడిన చెత్త తుంగభద్రకు, అచ్చటినుండి కృష్ణకు చేరును. నంద్యాల చేలపై చల్లిన మందు కుందేటి గుండ పెన్నలోనికి వచ్చి, కడప సీమను దాటి నెల్లూరు తీరమున సముద్రము చేరగలదు. ఆ తీరముననే సముద్రపు తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెట్టును. వేలకొలది కుటుంబములు వేటపై జీవించును. తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేటను నిలిపివేయుదురు. సముద్రము పిల్లలను పెంచుకొనుటకు అక్కడివారు రెండు నెలలు పడవలను ఒడ్డున కట్టుకొని కూర్చుందురు. అంత పెద్ద సముద్రమునకే విరామము కావలసియుండగా మన యేటికి అక్కరలేదందుమా? ఊరి ప్లాస్టికు చెత్తను వాగున పోయక గుంతలో చేర్చుట, పురుగుమందును మితముగా వాడుట, వరద నెలలలో తల్లిచేపను వదలుట అను మూడు పనులు మెట్టసీమ పల్లె సముద్రమునకు చేయగల సేవ.

గ్రామసభలో చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన చెరువులో నీరు ఏ నెల మొదలు ఏ నెల వరకు నిలుచుచున్నది? ఆ లెక్క వ్రాసియున్నదా?

2. నిరుడు వదలిన పిల్ల లెన్ని? పట్టిన చేప ఎన్ని కిలోలు? గుత్త సొమ్ము దేనికి ఖర్చైనది?

3. మన గుత్త పత్రమున వలకన్నును గూర్చియు, తూమును గూర్చియు, అడుగు నీటిని గూర్చియు షరతులు కలవా?

4. మత్స్య కళాశాలకుగాని, కృషి విజ్ఞాన కేంద్రమునకుగాని మన పంచాయతీ ఎన్నడైన వ్రాసినదా?

5. మన యూరి నుండి మత్స్యవిద్య చదువదలచిన బాలికగాని బాలుడుగాని కలరా? వారికి మనమేమి సాయము చేయగలము?

ఈ ఐదు ప్రశ్నలకు ఉత్తరములు వ్రాసి పంచాయతీ కార్యాలయమున నుంచినచో, వచ్చు సంవత్సరము వానిని తిరిగి చదువుకొని ఎంత ముందునకు వచ్చితిమో తెలిసికొనవచ్చును.

మన కుందేటి నీరు పెన్నలో కలిసి నెల్లూరు తీరమునకు పోవుచున్నది. ఆ తీరమునకు చేరువగా నున్న ముత్తుకూరు కళాశాల విద్య ఎదురెక్కి మన చెరువుకట్టకు రావలెను. వరదకు ఎదురెక్కు చేపకు త్రోవ విడుచుట ఎట్లో, ఆ విద్యకు త్రోవ చేయుటయు అట్లే పంచాయతీ సభ్యుల చేతిలో నున్నది. ఈ యేడు మొదటి వాన పడకమునుపే ఆ తీర్మానమును చేయుదురని ఆశించుచున్నాము.